చిన్న కుక్కే కదా అనుకుంటే...

మచిలీపట్నం: పాత గ్రామఫోను రికార్డు నడుమ, గుండ్రటి కాగితం మీద ఒక కుక్క బొమ్మ ఉండేది. తెల్లని ఒళ్ళు, నల్లని చెవులు. గ్రామఫోను బూరా ఎదురుగా కూర్చుని, తల కాస్త పక్కకు వంచి పాట వింటూ ఉండేది. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు వాడు రికార్డు మార్చినప్పుడల్లా ఆ కుక్క గిర్రున తిరగడం చూడటానికి పిల్లలు మూగేవారు. గుడివాడ తాలూకా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతును ఊరూరా వినిపించిన కంపెనీ కూడా అదే.

ఆ కుక్క పేరు నిప్పర్. బొమ్మ కోసం కల్పించిన కుక్క కాదు. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టి 1895లో చనిపోయింది. ఇంటికి వచ్చినవాళ్ళ పిక్కలు కొరికేది గనుక ఆ పేరు వచ్చిందట. దాన్ని పెంచినవారిలో ఒకడైన ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు, అది పోయాక దాని బొమ్మ గీశాడు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ బొమ్మను కొనుక్కుంది. అలా ఒక పొట్టి కుక్క సముద్రాలు దాటి మన పెళ్ళి పందిళ్ళ దాకా వచ్చింది.

నిప్పర్‌లో ఉన్నది టెర్రియర్ జాతి రక్తం. లాటిన్ భాషలో నేలకు టెర్రా అని పేరు. నేలలోని కన్నాల్లో దూరి నక్కలనూ ఎలుకలనూ తరిమే కుక్కలు కాబట్టి వీటికి టెర్రియర్లని పేరు పడింది. ఇంగ్లండులో జాన్ రస్సెల్ అనే ఒక ఫాదిరీ నక్కల వేటకు పెంచిన కుక్కల సంతతే జాక్ రస్సెల్ టెర్రియర్. ఒళ్ళంతా పట్టుకుచ్చులా వెంట్రుకలు వేలాడే యార్క్‌షైర్ టెర్రియర్‌ను ఈనాడు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటున్నారు గానీ, దాని తాతముత్తాతలు మిల్లుల్లో ఎలుకలు పట్టిన కూలి కుక్కలు.

మన జిల్లాలో అసలు టెర్రియర్లు చాలా తక్కువ. బందరులోనూ గుడివాడలోనూ మేడల మీద ఒకటీ అరా కనిపిస్తాయి. మన ఊళ్ళలో చిన్న జాతి కుక్క అంటే ఎక్కువగా తెల్ల బొచ్చుకుక్కే. దాన్ని అందరూ పొమేరియన్ అంటారు. నిజానికి అది ఈ దేశంలో స్థిరపడిన ఇండియన్ స్పిట్జ్ అనే వేరు జాతి. విదేశీ కుక్కల దిగుమతి కష్టంగా ఉన్న రోజుల్లో, 1980, 90 దశకాల్లో ఇది దేశమంతా పాకింది. 2003లో టెలిఫోను కంపెనీ ప్రకటన వచ్చాక ముడతల మొహం పగ్ కుక్క కూడా బయలుదేరింది. మనవాళ్ళు దానికి హచ్ కుక్క అనే పేరు పెట్టేశారు. జాతి ఏదైనా, పది కిలోల లోపు కుక్కను డెల్టా ఊళ్ళో పెంచడంలో వచ్చే కష్టసుఖాలు ఇంచుమించు ఒకటే. ఈ వ్యాసం వాటి గురించే.

ముందుగా ఒక మాట. ఈ కుక్కలు చూడటానికి బొమ్మల్లా ఉంటాయి గనుక చాలామంది బొమ్మల్లాగే కొంటున్నారు. బెజవాడలో అట్టపెట్టెలో పెట్టి ఇచ్చిన పిల్లను బస్సులో తెచ్చి, ఇంట్లో పిల్లల చేతికిస్తారు. కళ్ళు తెరిచి పట్టుమని రెండు వారాలు కాని కూనల్ని అమ్మేవాళ్ళు ఉన్నారు. తల్లి దగ్గర కనీసం ఏడెనిమిది వారాలు ఉండని పిల్లకు కడుపు నిండదు, రోగాన్ని తట్టుకునే శక్తి రాదు. ఎంతవరకు కొరకవచ్చో తోబుట్టువుల దగ్గర నేర్చుకోవడమూ జరగదు. పెద్దయ్యాక అది కనబడినవాళ్ళనల్లా కరుస్తుంటే కుక్క మంచిది కాదంటారు. తొందరపడింది మనుషులే.

కోళ్ళ తగాదా

టెర్రియర్‌ను తెచ్చుకునేవాళ్ళు తెలుసుకోవలసింది దాని బుద్ధి. అది తవ్వుతుంది. పరిగెత్తేది ఏదైనా సరే తరుముతుంది. రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున తిప్పకపోతే ఇంట్లో చెప్పులు, మంచం పట్టీలు మిగలవు. పెరట్లో బంతి మొక్కలు వేసుకునేవారు ఆ ఆశ వదులుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు కోళ్ళతో. పల్లెటూళ్ళో కోడిపిల్లలు వీధిలోనే తిరుగుతాయి. ఎలుక మీద పడే కుక్కకు కోడిపిల్ల మీద పడటం ఒక లెక్క కాదు. నాటు కోడిపిల్ల అయితే డబ్బులిచ్చి నచ్చచెప్పుకోవచ్చు. సంక్రాంతి కోసం బాదంపప్పు పెట్టి పెంచిన పుంజు అయితే మాత్రం పంచాయతీ పెద్దలదాకా వెళుతుంది. కుక్క పిల్లగా ఉన్నప్పుడే, మూడు నాలుగు నెలల వయసులో, తాడు కట్టి కోళ్ళ మధ్య తిప్పాలి. వాటి జోలికి పోకుండా ఉన్నప్పుడల్లా నోటికి ఏదైనా ఇచ్చి మెచ్చుకోవాలి. ఏడాది నిండాక ఈ పాఠం మొదలుపెడితే ఫలితం అంతంతమాత్రం.

ఉక్క, గోమార్లు

బందరు ఎండ రాయలసీమ ఎండంత తీవ్రం కాకపోవచ్చు. కానీ ఇక్కడ ఉక్క ఉంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ నోటి తడి ఆరడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు నోటి తడి త్వరగా ఆరదు. అందుకే రోహిణి కార్తెలో సముద్రపు గాలి ఆగిపోయిన మధ్యాహ్నాలు ఈ కుక్కలకు ప్రాణాంతకం. ముక్కు నొక్కుకుపోయిన పగ్ జాతికి మరీ కష్టం. దాని శ్వాసమార్గమే ఇరుకు.

ఎండాకాలం రాగానే బొచ్చుకుక్కకు మంగలి చేత గుండు చేయిస్తున్నవారు ఉన్నారు. ఇది మేలు కంటే కీడే చేస్తుంది. స్పిట్జ్‌కు పైన పొడుగు వెంట్రుకలు, కింద మెత్తని నూగు ఉంటాయి. ఆ రెండు పొరలూ ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడతాయి. నున్నగా గొరిగితే చర్మం కాలుతుంది, కొన్నిటికి వెంట్రుకలు మళ్ళీ సరిగా రావు కూడా. గొరిగే బదులు రోజూ దువ్వి రాలిపోయే నూగును తీసేస్తే గాలి ఆడుతుంది.

తిప్పడం తెల్లవారుజామున, చీకటి పడ్డాక మాత్రమే. తారురోడ్డు మీద మన అరచేయి వెనుక భాగాన్ని ఏడెనిమిది సెకన్లు ఉంచి చూడాలి. ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది పనికిరాదు. కుక్క ఆగకుండా రొప్పుతూ, నోటివెంట జిగురు లాలాజలం కారుతూ, చిగుళ్ళు ఎర్రగా మారి తూలుతుంటే వడదెబ్బ అనుకోవాలి. వెంటనే నీడకు చేర్చి మామూలు కుండనీళ్ళు ఒళ్ళంతా పోయాలి, విసనకర్రతో విసరాలి, ఆస్పత్రికి బయలుదేరాలి. స్పృహ లేనిదాని నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక గోమార్లు. వీటినే కొన్నిచోట్ల పిడుదులంటారు. పశువుల కొట్టం పక్కనే కుక్క పడుకునే మన ఇళ్ళలో వీటికి కొదవ లేదు. కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్ళలో, మంచం కింద, తాటాకుల్లో దాక్కుని ఉంటాయి. రక్తం తాగి రాలిన ఆడ గోమారి ఆ పగుళ్ళలోనే వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్క ఒంటికి మాత్రమే మందు రాసి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్ళీ వస్తాయి. గోడ పగుళ్ళు పూడ్చి, కుక్క పడుకునే గోనెపట్టా మార్చి, కొట్టాన్నీ శుభ్రం చేయాలి.

గోమార్లు రక్తం తాగడంతో ఆగవు. వాటి ద్వారా రక్తకణాల్లో చేరే సూక్ష్మజీవులు జ్వరం తెప్పిస్తాయి. కుక్క తిండి మానేస్తుంది. చిగుళ్ళు సున్నంలా పాలిపోతాయి. ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. అయిదు కిలోల కుక్కలో ఉండే రక్తమే అరలీటరుకు లోపు. దానికి తట్టుకునే వ్యవధి ఎక్కువ ఉండదు. తొందరగా చూపిస్తే మాత్రలతో నయమయ్యే జబ్బే ఇది. కిరసనాయిలు పూయడం, గేదెలకు వాడగా మిగిలిన మందును కుక్కకు పట్టించడం మాత్రం చేయవద్దు. నాలుగు వందల కిలోల గేదెకు కలిపిన మందు ఆ చిన్న ఒంటికి విషమే. పైగా కుక్క తన ఒళ్ళు తానే నాకుతుంది.

ఎలుక మందు ఎవరిని చంపుతోంది?

ఎలుకలు పట్టడానికి పుట్టిన జాతి గదా, మన వరి పొలాలకు పనికి వస్తుంది గదా అని కొందరు రైతులకు తోచవచ్చు. ఆలోచన బాగానే ఉంది. కృష్ణా డెల్టా రైతుకు ఎలుక పెట్టే బాధ ఇంతా అంతా కాదు. పొట్ట దశలో పైరును కత్తిరించిపోయే ఎలుకలూ, గాదెల కింద తవ్వే పందికొక్కులూ తరతరాల శత్రువులు. యానాదులు పొగకుండ పెట్టి, వెదురు బుట్టలు అమర్చి ఎలుకలను పట్టడంలో అందెవేసిన చేయి. ఈ డెల్టా వ్యవసాయం వారికి చాలా బాకీ ఉంది. టెర్రియర్ కూడా గట్టు మీద వాసన పట్టి, కన్నం తవ్వి, ఎలుకను మెడ దగ్గర పట్టుకుని ఒక్క విదిలింపుతో చంపగలదు.

కానీ ఇప్పటి పొలంలో ఆ పని దాని చేత చేయించడం మంచిది కాదని చెప్పాల్సి వస్తోంది. కారణం మనం పెట్టే మందు.

ఎలుకలకు సాధారణంగా రెండు రకాల ఎరలు పెడుతున్నారు. ఒకటి జింకు ఫాస్ఫైడ్, నల్లని పొడి. నూకల్లో నూనె కలిపి పెడతారు. కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు దాని నుంచి విషవాయువు పుడుతుంది. కుక్క ఎర తిన్నా, ఆ ఎర కడుపులో ఉన్న ఎలుకను తిన్నా ప్రమాదమే. గంటల్లోనే వాంతులు, కడుపుబ్బరం, వణుకు మొదలవుతాయి. దీనికి నేరుగా విరుగుడు మందు లేదు. కుక్క వాంతి చేసుకుంటుంటే దాన్ని ఆరుబయట ఉంచాలి. ఆ వాయువు పక్కనున్న మనుషులకూ మంచిది కాదు.

రెండోది బ్రోమోడయోలోన్. బిళ్ళలుగానూ పొడిగానూ దొరుకుతుంది. ఇది మోసకారి. తిన్న రోజు కుక్కకు ఏమీ కాదు. మర్నాడూ ఏమీ కాదు. మూడు నాలుగు రోజుల తరువాత రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. చిగుళ్ళు పాలిపోతాయి. ముక్కులోంచి రక్తం రావచ్చు, పేడ నల్లగా పడవచ్చు. ఏమీ కనిపించకుండా లోలోపలే రక్తం కారి ఆయాసపడుతూ కూలిపోవడమూ ఉంది. నాలుగు రోజుల కిందటి ఎర ఎవరికీ గుర్తు రాదు గనుక, ఎవరో గిట్టనివాళ్ళు పెట్టారని అనుమానం పెంచుకుంటారు. దీనికి మాత్రం విరుగుడు ఉంది. విటమిన్ కె1 అనే మందు. అయితే ఒక్క ఇంజక్షనుతో సరిపోదు. డాక్టరు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా మూడు నాలుగు వారాలు ఇవ్వాలి. కుక్క లేచి తిరుగుతోందని వారానికే ఆపేసి ప్రాణం పోగొట్టుకోవద్దు.

పురుగు మందుల గుళికల సంగతి వేరు. ఫోరేట్ గుళికలను మన దేశంలో 2020 చివరితో నిషేధించారు. నిషేధం లేని గుళికలు ఇంకా ఉన్నాయి. ఇవి కడుపులో పడితే నోటివెంట నురగ, కంటిపాప సన్నబడటం, ఒళ్ళు ఎగరడం కనిపిస్తాయి. పశువుల డాక్టరు దగ్గర ఉండే అట్రోపిన్ దీనికి విరుగుడు.

కాబట్టి కుక్కను ఆస్పత్రికి తీసుకువెళ్ళేటప్పుడు మందు డబ్బానో, అట్టపెట్టెనో, కనీసం దాని పేరు రాసిన కాగితమో వెంట తీసుకువెళ్ళాలి. ఏ విషమో తెలిస్తే డాక్టరు పని సగం అయినట్టే. కోడిగుడ్డు కొట్టి పోయడం, చింతపండు రసం పట్టడం, పాలు తాగించడం వంటి వాటితో గంటలు గడపకూడదు. ఊళ్ళో సామూహికంగా ఎలుకల మందు పెట్టే వారం రోజులూ కుక్కను కట్టేసే ఉంచాలి. రైతు సోదరులు కూడా ఎరను గట్ల మీద చల్లకుండా కన్నంలో పెట్టి మట్టితో మూసి, చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెడితే కుక్కలకే కాదు, గుడ్లగూబలకూ పిల్లులకూ ప్రాణభిక్ష పెట్టినట్టవుతుంది. పైసా ఖర్చు లేకుండా ఎలుకలు తినేవి అవే.

పాముల సంగతి దివిసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2018 వానాకాలంలో అవనిగడ్డ ప్రాంతంలో పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే, ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. చిన్న కుక్క పామును చూసి వెనక్కు తగ్గదు. మొరుగుతూ చుట్టూ తిరుగుతుంది, మూతి మీదో ముంగాలి మీదో కాటు తింటుంది. రక్తపింజర కాటు వేస్తే ఆ చోటు నిమిషాల్లో వాస్తుంది. కట్లు కట్టవద్దు, కోసి పిండవద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్ళాలి. మనుషులకు వాడే పాము విషం విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది. అది దగ్గరలో ఏ పశువైద్యశాలలో దొరుకుతుందో నాట్లకు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పెద్ద వైద్యానికి మన వైపు వాళ్ళకు అదే అందుబాటు. కానీ నాగాయలంక నుంచి గన్నవరం చేరేసరికి ఎంత పొద్దుపోతుందో ప్రయాణం చేసినవాళ్ళకు తెలుసు.

లడ్డూ పెట్టకండి

మనం తినేది కుక్కకు పెట్టడం మన అలవాటు. అన్నం, మజ్జిగ కలిపి పెడితే చాలదు. మాంసమో గుడ్డో చేపో ఉండాలి. ఉప్పు, కారం, నూనె వేయకముందే కొంత ముక్క పక్కన తీసి ఉడకబెట్టడం పెద్ద పని కాదు. మన వైపు చేపకు కరువు లేదు. బొచ్చె, శీలావతి ముక్కలు ముళ్ళు తీసి పెట్టవచ్చు. ఉడికిన కోడి ఎముక మాత్రం వద్దు. అది సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అంటే పులుసు అన్నం పెట్టకూడదన్నమాట. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా పనికిరావు.

బందరు లడ్డూ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చుట్టం ఎవరు వచ్చినా పొట్లం తెస్తారు, కుక్క తోక ఊపుతుంది, ఒకటి విసురుతారు. అయిదు కిలోల కుక్కకు రోజంతా కలిపి సుమారు 350 నుంచి 400 కేలరీల తిండి చాలు. నెయ్యి, బెల్లం, శనగపిండి కలిసిన ఆ ఉండ దాని కడుపుకు ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. అలవాటు లేని నెయ్యి ఒక్కసారిగా పడితే క్లోమగ్రంథి వాచి, కుక్క నడుం పైకెత్తి, తల నేలకు ఆనించి బాధపడుతుంది. దాన్ని ప్రార్థన చేస్తోందని నవ్వేవాళ్ళూ ఉన్నారు. పక్కటెముకలు చేతికి తగలనంత లావెక్కిన బొచ్చుకుక్కలు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. ఆ బరువు మోకాటి చిప్పల మీదా గుండె మీదా పడుతుంది. చిన్న జాతులకు పళ్ళ గార మరో బాధ. వారానికి రెండు మూడుసార్లు మెత్తని బ్రష్‌తో తోమాలి. మన పళ్ళపొడి, పేస్టు వాడకూడదు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ కాదు, సబ్బునీళ్ళు

అసలు విషయం ఇక్కడుంది. వీధికుక్క కరిస్తే భయపడి ఆస్పత్రికి పరిగెత్తేవారు, ఇంట్లో చిన్నకుక్క పన్ను గీసుకుంటే పట్టించుకోరు. మన కుక్కే గదా, పిల్ల కుక్కే గదా అంటారు. రేబిస్ క్రిమికి చిన్నా పెద్దా తెలియదు. ఇంట్లోనే ఉండే కుక్క కూడా పొద్దున్నే గేటు తీయగానే వీధిలోకి పోయి నాలుగు కుక్కల మధ్య తిరిగి వస్తుంది. మూడు నెలల పిల్లకూ ఆ రోగం రావచ్చు.

పిచ్చికుక్క అంటే నురగలు కక్కుతూ కనబడినవాళ్ళ మీద పడుతుందని మన అభిప్రాయం. అన్నీ అలా ఉండవు. కొన్ని మూగగా మూలన దాక్కుంటాయి. దవడ వేలాడబడి, మింగలేక, చొంగ కారుస్తూ ఉంటాయి. చూసినవాళ్ళు గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. ఇంతకంటే ప్రమాదకరమైన పని లేదు. ఉన్నట్టుండి గొంతు మారి, తిండి మానేసి, మూలకు చేరిన కుక్కను ముట్టుకోకుండా గదిలో పెట్టి పశువుల డాక్టరును పిలవాలి.

1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించి బతికించాడు. అప్పటి నుంచి నేటిదాకా లెక్క మారలేదు. లక్షణాలు కనిపించక ముందు టీకా వేస్తే ప్రాణం దక్కుతుంది. లక్షణాలు మొదలయ్యాక దాదాపుగా ఎవరూ బతకరు. దేశంలో ఏటా 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారని ఇటీవలి అధ్యయనం అంచనా వేసింది. అంతకు ముందు అంచనాలు దీనికి మూడింతలు ఉండేవి. తగ్గింది, నిజమే. కానీ ఈ చావుల్లో తప్పించలేనివి దాదాపు లేవు.

కాటు పడగానే, గీత పడినా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలి. గడియారం చూసుకుని పావుగంట. ఆ క్రిమి సబ్బుకు చస్తుంది. పసుపు, కారం, సున్నం, జిల్లేడుపాలు పెట్టవద్దు. కుట్లు వేయించుకోవద్దు. అదే రోజు ప్రభుత్వాస్పత్రికి వెళితే టీకా ఉచితంగా వేస్తారు. చేతికి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు రావాలి. రక్తం వచ్చిన లోతు గాయమైతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమా అని డాక్టరును అడగాలి. మొహం మీదా తల మీదా కాటు పడిన పసివాళ్ళ విషయంలో ఒక్క పూట కూడా ఆలస్యం చేయరాదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడుస్తారనే భయం పెద్దవాళ్ళలో ఇంకా ఉంది. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పటి టీకా భుజానికే. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలనేది సరైన మాటే. కానీ పది రోజులు చూశాక టీకాకు వెళదామనుకోవడం సరైనది కాదు. టీకా మొదలుపెట్టి కుక్కను చూస్తుండాలి.

కుక్కకు టీకా లెక్క ఇది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో వంటి వాటికి మొదటి టీకా. మూడు నాలుగు వారాల తేడాతో నాలుగు నెలల వయసు దాకా మళ్ళీ మళ్ళీ. పార్వో సోకిన కూనకు రక్తవిరోచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఏటా ఒకటి. పాశ్చర్ పేరున గుర్తుంచుకునే జూలై 6న, జూనోసిస్ దినోత్సవమని, పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. నాట్ల పనుల్లో పడి ఆ తేదీ మరచిపోకుండా గోడమీద క్యాలెండరులో సున్నా చుట్టుకోవాలి. వేయించిన టీకా కార్డు బియ్యం కార్డు పక్కన దాచుకోవాలి.

లంకల్లో, షెల్టర్లలో

దివిసీమ కొసన ఉన్నవారికి ఒక మనవి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న ఇసుక మేటలకు వచ్చి, ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టిపోతాయి. తవ్వడం పుట్టుబుద్ధి అయిన కుక్కకు ఆ గూడు అరనిమిషం పని. గుంటనక్కల బెడద ఎలాగూ ఉంది, కుక్కలు దానికి తోడవుతున్నాయి. నాగాయలంక, కోడూరు వైపు వేటకు వెళ్ళే పడవల్లో కుక్కలను ఎక్కించుకుని ఆ మేటల మీద వదలకుంటే చాలు. అక్కడి మడ అడవిలో తిరిగే బావురుపిల్లులకు కూడా ఊరకుక్కల డిస్టెంపర్ అంటుకునే ప్రమాదం ఉంది. ఊళ్ళో కుక్కకు వేసిన టీకా అడవిలో జంతువునూ కాపాడుతుందన్నమాట.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన ఊళ్ళివి. వేలాది మంది మనుషులతోపాటు పశువులు లెక్కకు మించి పోయాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరద, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా, ఇలా ఏదో ఒకటి ఏటా తలుపు తడుతూనే ఉంది. షెల్టరుకు వెళ్ళేటప్పుడు కుక్కను గుంజకు కట్టేసి వెళ్ళడం కంటే పాపం లేదు. వెంట తీసుకువెళ్ళడం కుదరకపోతే తాడు విప్పి పోవాలి. తీసుకువెళ్ళేవారు మూతికట్టు, మూడు అడుగుల తాడు, టీకా కార్డు సంచిలో పెట్టుకోవాలి. షెల్టరులో పసిపిల్లల తల్లులు ఉంటారు. కుక్కను మెట్ల కిందో వరండా చివరో కట్టుకుంటే ఎవరూ కాదనరు. పదిమంది మధ్య పడుకోబెడితే తగాదా వస్తుంది, అందులో తప్పు వాళ్ళది కాదు.

నీళ్ళు తీశాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. వరదనీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. దాని ద్వారా లెప్టోస్పైరా అనే క్రిమి, మనవాళ్ళు ఎలుక జ్వరం అనే జబ్బు, కుక్కలకూ మనుషులకూ వస్తుంది. జబ్బుపడిన కుక్క మూత్రం ద్వారా ఇంటివాళ్ళకు కూడా సోకవచ్చు. దీనికి కుక్కలకు టీకా ఉంది. ఏటా వేసే మిశ్రమ టీకాలో అది కలిసి ఉందో లేదో అడిగి వేయించాలి. వరద తగ్గిన తరువాత కుక్కను కుంటల్లో నీళ్ళు తాగనివ్వకుండా, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళే పెట్టాలి. రెండు మూడు వారాల లోపు దానికి జ్వరం, వాంతులు వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోసినా, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని పట్టుకుని ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. అది మూత్రం పోసిన చోట బ్లీచింగ్ నీళ్ళు చల్లి, పిల్లలను అటు వెళ్ళనివ్వకూడదు. ఇంట్లో ఎవరికైనా ఆ రోజుల్లో జ్వరం, కండరాల నొప్పులు వస్తే, కుక్క సంగతీ వరదనీటిలో తిరిగిన సంగతీ డాక్టరుకు ముందే చెప్పాలి.